పేరెత్తని ఇంట్లో ప్రెసిడెంటు

మా వారు చోడవరం పంచాయతీకి ప్రెసిడెంటుగా చేశారు. ఇప్పుడు పట్నాల్లో మేయరుకి ఎంత హోదా ఉందో, ఆ యాభైల్లో మా ఊళ్ళో ప్రెసిడెంటుకి అంతకంటే ఎక్కువే ఉండేది. వీధి దీపాలు, నూతులు, కాలవలు, సంతలో ఆశీలు వసూళ్ళు, అన్నీ ఆయన మాట మీదే నడవాలి. ఆ కుర్చీ కోసం మా వారు మూడుసార్లు నిలబడ్డారు. రెండుసార్లు ఓడిపోయారు, మూడోసారి నెగ్గారు. ఈ సంగతులన్నీ రాయి మామ్మా అని మనవరాలు నా ప్రాణం తోడేస్తోంది. రాస్తాను గానీ ఆయన పేరు మాత్రం రాయను. నోటితో అనని పేరు చేత్తో రాస్తానా! మొగుడి పేరెత్తితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా అమ్మ నాకు ఉగ్గుతో పాటే పోసింది. నలుగురిలో ఆ పేరు నేను అన్నది జన్మకి ఒక్కసారి. ఆ ఒక్కసారి కోసం ఎన్ని తిప్పలు పడ్డానో చెబుతాను.

ఆనవాలైతే ఇస్తాను. సింహాచలం కొండమీది దేవుణ్ణి మా వైపు జనం ముద్దుగా పిలుచుకునే పేరే ఆయనది. అందుకని నాకు దేవుడికి దణ్ణం పెట్టుకోవడానికి కూడా వీలుండేది కాదు. ఏ కష్టమొచ్చినా "కొండమీది సామీ, నువ్వే దిక్కు" అనుకోవాలి తప్ప పేరు పెట్టి మొరపెట్టుకోలేను. పోనీ మా అత్తగారైనా అంటారా అంటే, తాత పేరు మనవడికి పెట్టడం మా ఆచారం కదా, అది ఆవిడ మావగారి పేరు! కన్నకొడుకుని ఆవిడ పుట్టిన దగ్గర్నుంచీ "బాబూ" అనే పిలిచారు. మా మావగారు పోయాక ఆ పేరు మా గడప లోపల ఎవరూ పలికిన పాపాన పోలేదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవైతే సరిపోను. మా ఊళ్ళో ప్రతి రెండో గుమ్మంలోనూ ఆ పేరు గలవాడు ఒకడుంటాడు. ఒకావిడకి మొగుడు, ఇంకో ఆవిడకి మావగారు, మరొకావిడకి బావగారు. ఆడవాళ్ళెవరూ అనకూడని పేరు. మా వారి మీద నిలబడిన రైసుమిల్లు ఆయనకి చూస్తే, ఎక్కడ తెచ్చి పెట్టారో గానీ, జిల్లాలో మరొకరికి లేని పేరు. నూతి దగ్గర, సంతలో, రేవులో ఏ ఆడది నోరు తెరిచినా మిల్లు ఆయన పేరే. మాది బెల్లం కొట్టు గనక, మా వారి పేరు వచ్చే చోట మాత్రం అందరూ "ఆరే", "ఆ బెల్లం కొట్టోరే" అంటూ చేతులు తిప్పేవాళ్ళు. ఎన్నికల ప్రచారం ఇలా నడిచిందంటే మీరు నమ్మాలి.

మొదటి ఎలక్షన్ అంటే మాకందరికీ కొత్త. ఇప్పటిలా కాయితం మీద ముద్ర వెయ్యడం లేదు. ఒక్కో మనిషికీ ఒక్కో రంగు పెట్టె. మా వారిది పసుపు పెట్టె, మిల్లు ఆయనది ఎర్ర పెట్టె. తెర చాటుకి వెళ్ళి, ఇచ్చిన కాయితాన్ని నచ్చినవాడి పెట్టెలో పడెయ్యడమే. మాది పసుపు కదా, మంగళకరం, ఆడవాళ్ళందరూ మనకే వేస్తారని మా వారు మీసం మీంచి చెయ్యి దించలేదు. ఆడవాళ్ళు వేద్దామనే బయల్దేరారు కూడా, పాపం. తలంట్లు పోసుకుని, పట్టుచీరలు కట్టుకుని, చంటిపిల్లల్ని చంకనేసుకుని బడి దగ్గర బారులు తీరారు. అక్కడ బల్ల దగ్గర కూర్చున్న ఆఫీసరు కృష్ణాజిల్లా నుంచి వచ్చిన మేష్టారు. ఆయన ముందుగా అడిగిన ప్రశ్న "మీ భర్త పేరేమిటమ్మా?" అని.

మా వీధి చివరావిడ నా ముందు నిలబడింది. తల దించుకుని, బొటనవేలితో నేల రాస్తూ, "ఆరేనండి" అంది.

"వారంటే ఎవరు?"

"అదేనండి, నా మొగుడు."

"అది తెలుసమ్మా. పేరు చెప్పు."

"కొండమీద సామున్నాడు కదా బాబూ, ఆ సామి పేరే."

"ఏ కొండ? తిరుపతి కొండా? బెజవాడ కొండా?"

"కొండంటే ఏ కొండంటారేటి బాబూ! తవరిది ఏ ఊరు?" అని ఆవిడ ఆశ్చర్యపోయింది. ఉన్నదొక్కటే కొండ కదా మరి. ఆ మేష్టారికి చెమటలు పట్టేశాయి. "నేనలా ఊహించి రాయకూడదమ్మా, నువ్వు చెప్పాలి, లేకపోతే వెళ్ళిపో" అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాల నేనూ వెళ్ళిపోయాను. మా వెనకాల వీధి వీధంతా పట్టుచీరలతో సహా వెళ్ళిపోయింది. మా వారు ఓడిపోయారు. ఎంత తేడాతో అంటే, మా వీధిలో వెనక్కి తిరిగొచ్చిన ఆడవాళ్ళ ఓట్లు పడుంటే చాలును.

ఆ రోజు మా వారు అన్నం ముందు కూర్చుని కంచం వైపు చూస్తూ, "ఇంట్లో పెళ్ళాం ఓటు పడనోడికి ఊరోళ్ళ ఓట్లేటి పడతాయి!" అన్నారు. నేను మజ్జిగ గిన్నె అక్కడ పెట్టేసి లేచి వచ్చేశాను. నాకు మాత్రం ఉక్రోషం రాదా? ఆయుష్షు ఆయనదే కదా, నాది కాదు కదా.

రెండో ఎలక్షన్ అనుకోకుండా వచ్చి పడింది. నెగ్గిన మిల్లు ఆయన, కొత్తగా వచ్చిన పెట్రోమాక్సు దీపం తన మిల్లు ముందు పెట్టాలన్నాడు. మెంబర్లు సంతలో పెట్టాలన్నారు. ఆయన అలిగి రాజీనామా ఇచ్చాడు. ఇచ్చిన నాలుగు రోజులకి కోపం చల్లారి, ఖాళీ అయిన తన కుర్చీకి తనే మళ్ళీ నిలబడ్డాడు. ఇలాంటి మనిషి చేతిలో కూడా ఓడిపోతే పరువేం మిగులుతుందని మా వారు ఈసారి బుర్రకి పదును పెట్టారు. ఆడవాళ్ళు నోటితో చెప్పక్కర్లేకుండా ఒక్కొక్కరికీ ఒక చీటీ రాయించారు. ఆ చీటీలో ఆవిడ మొగుడి పేరు, ఇంటిపేరు. ఆఫీసరు అడగ్గానే చీటీ చూపించి ఊరుకోవడమే. ఉపాయం బ్రహ్మాండంగా ఉందని ఊరంతా మెచ్చుకుంది.

ఉపాయం బాగానే ఉంది. ఆ చీటీలు పట్టుకున్నవాళ్ళలో ముప్పాతిక మందికి చదువు లేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. బారులో ఎండకి నిలబడ్డవాళ్ళు ఊరుకుంటారా? "నీ సీటీ సూపీవే", "నా సీటీ మీద అచ్చరాలు ఎక్కువున్నాయే" అనుకుంటూ ఒకరివొకరు తీసి చూసుకున్నారు. చంటిది ఏడిస్తే చేతుల్లోంచి కింద పడ్డ చీటీలు ఎవరికి అందినవి వాళ్ళు తీసుకున్నారు. బల్ల దగ్గరికి వెళ్ళాక ఆఫీసరు చీటీ పైకి చదివాడు. మా ఎదురింటి ఇల్లాలు చెవులు మూసేసుకుని గొల్లుమంది. "ఓలమ్మో! ఆడు నా మొగుడేటి బాబూ! ఆడు మా మరిది!"

ఆ తరవాత అక్కడ జరిగింది నేను రాయలేను. ఎవడి పేరో తన మొగుడి పేరని రాసిచ్చాడని ఒకావిడ మా వారిని వెతుక్కుంటూ చెప్పు తీసింది. చీటీలు మారిన సంగతి తేలేలోపల ఓట్లేసే వేళ దాటిపోయింది. మా వారు రెండోసారి ఓడిపోయారు. పైగా ఇకమీదట చీటీలు పనికిరావు, ఆడవాళ్ళయినా సరే నోటితోనే చెప్పాలని పైనుంచి గట్టిగా ఆర్డరు వచ్చింది.

మూడోసారికి మా వారు బాగా చితికిపోయి ఉన్నారు. ఆ ఏడాది చెరుకు ఆడే రోజుల్లో పొగ పడక ఛాతీ పట్టేసేది. బెల్లం పెనం దగ్గర నిలబడి దగ్గుతూంటే నేను నీళ్ళచెంబుతో పక్కనే నిలబడేదాన్ని. సంతలో మిల్లు ఆయన ఎదురుపడితే "ఏటి పెసిడెంటు గారూ" అని ఎకసెక్కాలాడేవాడు. ఒకరోజు మా వారు ఇంటికొచ్చి నడవలో కూలబడి, మా అత్తగారూ నేనూ వింటూండగా తేల్చి చెప్పేశారు.

"ఇదే ఆకరు. ఈపాలి కూడా పోతే ఈ ఊళ్ళో తలెత్తుకోలేను. కొట్టు కట్టేసి రోలుగుంట ఎల్లిపోదాం. అక్క పెరట్లో గది కాళీగానే ఉంది."

రోలుగుంటలో ఉన్నది మా పెద్దాడపడుచు. ఆవిడ రెండు రోజులు మా ఇంటికొస్తేనే ఉప్పు డబ్బా నుంచి నా జడ దాకా అన్నిటికీ వంకలు పెట్టేది. అలాంటి ఆవిడ పెరట్లో, ఆవిడ గదిలో, ఆవిడ నూతి నీళ్ళు తోడుకుంటూ బతుకంతా గడపాలా!

"నువ్వు ఒక్క పని సెయ్యి" అన్నారు మా వారు, నా వైపు చూడకుండా. "ముందు నువ్వు ఎల్లి పేరు సెప్పు. నువ్వు సెప్తే ఊళ్ళో ఆడోళ్ళందరూ సెప్తారు. నువ్వు సెప్పకపోతే ఒక్కర్తీ సెప్పదు."

"నేను చెప్తే మీకేటైనా అయితే?"

"ఏటవుతాది?"

"ఛాతీ నొప్పి పెట్టుకుని ఏటవుతాదని అడుగుతారేటండీ! పెసిడెంటు అవడం కావాలా, ప్రాణం కావాలా?"

"రొండూను" అన్నారు ఆయన, చిన్నపిల్లాడి మొహం పెట్టి.

మా అత్తగారు ఉన్నపళంగా లేచారు. "ఓసి నా తల్లో! నా కొడుకు పేరు ఎత్తేవంటే నాను నుయ్యే సూసుకుంటాను!" అన్నారు. ఒక పక్క రోలుగుంట, ఇంకో పక్క నుయ్యి, మధ్యలో నేను. నిజంగా భయపడ్డాను. నవ్వుతాలుగా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఆయన కాస్త గట్టిగా ఊపిరి తీస్తే చాలు, లేచి కూర్చునేదాన్ని. ఆయన నాకు కావాలి. ప్రెసిడెంటు అయినా కాకపోయినా కావాలి.

నాకు ధైర్యం ఇచ్చింది మా పక్కింటి టీచరమ్మ. వాళ్ళు క్రైస్తవులు, ఆవిడ మిషన్ బళ్ళో పాఠాలు చెప్పేది. ఆవిడ భర్త ఆసుపత్రిలో కాంపౌండరు. ఆవిడ చిన్నప్పుడు దొరసాని దగ్గర పెరిగిందేమో, మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేది. మామూలుగా కాదు, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వినబడేలా. ఆవిడే నాకు మధ్యాహ్నాలు అక్షరాలు దిద్దించి సంతకం నేర్పింది. నా భయం చెప్పుకుంటే పకపకా నవ్వింది.

"మా ఆయన్ని సూడండమ్మా. పొద్దున్నించి రాత్రి దాకా పేరెట్టే పిలుస్తన్నాను. ఎలగున్నాడో సూడండి."

చూశాను. ఆయన గోడ పక్కన కూర్చుని ముంజికాయలు తింటున్నాడు. మెడ ఎక్కడుందో తెలీకుండా ఒళ్ళు చేసి, నున్నగా నిగనిగలాడుతూ ఉన్నాడు. ఆయుష్షు తరుగుతున్న జాడ ఎక్కడా కనబడలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

ఇక సాధన మొదలుపెట్టాను. పశువుల సాలలోకి వెళ్ళి, తలుపు జారేసి, గేదె చెవి దగ్గర నోరు పెట్టి ఆ పేరు మెల్లిగా అన్నాను. అన్నానో లేదో, వీధి అరుగు మీద మా వారు కాఫీ పొలమారి ఖళ్ళుఖళ్ళుమని దగ్గారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. పేడ చేతులతోనే పరిగెత్తుకెళ్ళి ఆయన వీపు నిమిరాను. "ఏటే, ఏటైంది నీకు?" అని ఆయన హడిలిపోయారు. ఆయనకేం కాలేదు. కాఫీ గబగబా తాగేశారంతే. కొండమీది సామికి దీపం పెడతానని మొక్కుకుని మర్నాడు మళ్ళీ సాలలోకి వెళ్ళాను. గేదె అలవాటు పడిపోయింది గానీ నాకు అలవాటు కాలేదు.

ఓట్ల రోజు వచ్చింది. బారులో అందరికంటే ముందు నేను, నా వెనక టీచరమ్మ, ఆ వెనక మా అత్తగారు. ఆవిడ నుయ్యి సంగతి మాని, నేను నోరు తెరవగానే అడ్డుపడదామని వచ్చినట్టున్నారు. లోపల గోడ వారగా బెంచీ మీద మా వారూ, మిల్లు ఆయనా, వాళ్ళ తరఫు మనుషులూ కూర్చుని ఉన్నారు. ఆఫీసరు తలెత్తకుండా అడిగాడు.

"భర్త పేరు?"

బెంచీ మీద మా వారు ఊపిరి బిగబట్టి నా నోటి వైపే చూస్తున్నారు. కళ్ళు గట్టిగా మూసుకుని, ఇంటిపేరుతో సహా ఆ పేరు చెప్పేశాను. మెల్లిగా చెబుదామనుకున్నాను, గేదెతో చెప్పినట్టు. అరుపులా వచ్చింది. బడి బయట కిళ్ళీకొట్టు దాకా వినబడిందని తరవాత చెప్పుకున్నారు. వెనకాల మా అత్తగారు "బాబోయ్" అని కూలబడ్డారు. నేను భయంభయంగా కళ్ళు తెరిచి చూస్తే మా వారు ఇంకా ఉన్నారు! ఉండడమేమిటి, మొహం చేటంత చేసుకుని, నెగ్గేసినట్టే కండువా సర్దుకుంటున్నారు. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

అప్పుడు మిల్లు ఆయన పక్కనున్న ప్లీడరు గుమస్తా, తన దగ్గరున్న ఓటర్ల లిస్టులో నా పేరు మీద వేలు పెట్టి లేచాడు. వాడికి పుల్ల పెట్టకపోతే పూట గడవదు.

"ఆగండి సార్. ఈ పేరు గల ఆవిడ ఆరింట్లో లేదు. దొంగ ఓటు" అన్నాడు.

వాడు అనడానికి వీలు లేకపోలేదు. ఇదివరకు లిస్టులో నా పేరు చోట ఫలానావారి భార్య అని రాసి ఊరుకునేవారు. ఈసారి లిస్టు రాసేవాళ్ళు వచ్చినప్పుడు మగవాళ్ళెవరూ ఇంట్లో లేరు. నేనే గుమ్మంలోకి వెళ్ళి నా అసలు పేరు చెప్పి రాయించుకున్నాను. ఊళ్ళో ఆ పేరెవరికి తెలుసు? నేను కె.కోటపాడు నుంచి వచ్చిన కోడల్ని గనక అందరికీ కోటపాడు పిల్లనే. మా వైపు అలా పుట్టింటి ఊరు పెట్టే పిలుస్తారు.

ఆఫీసరు మా వారి వైపు తిరిగాడు. "ఏమండీ, ఈవిడ మీ భార్యేనా?"

"అయ్యో, మా ఇంటిదేనండీ!"

"పేరు చెప్పండి."

"కోటపాడు..."

"అది ఊరు. ఈవిడ పేరు?"

మా వారు నోరు తెరిచారు. నోరు అలాగే ఉండిపోయింది. పైకప్పు వంక చూశారు, పెట్టెల వంక చూశారు, నా వంక చూశారు. నేను మాట సాయం చెయ్యలేదు. ఎందుకు చెయ్యాలి? చివరికి నేల మీద కూలబడ్డ తల్లి వైపు దీనంగా చూశారు.

"నన్నడుగుతావేటి బాబూ! నానూ కోటపాడు పిల్లా అనే అంటాను" అన్నారు మా అత్తగారు.

"పెళ్ళిలో పంతులు గారు సదివేరండి" అన్నారు మా వారు ఆఫీసరుతో, కండువాతో మొహం తుడుచుకుంటూ. "అప్పుడు ఇన్నాను. మరి బాజాలు మోగుతున్నాయండి..."

బడి బడంతా ఘొల్లుమంది. మిల్లు ఆయన బెంచీ మీంచి జారిపోయాడు. ఆఫీసరు కూడా కాయితాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. టీచరమ్మ ముందుకొచ్చి, "నేను ఎరుగుదునండి. ఈవిడకి సంతకం నేర్పింది నేనే" అని నా పేరు చెప్పింది. నేను మా నాన్న పేరూ, ఊరూ చెప్పి, ఆఫీసరు ముందే సంతకం చేసి చూపించాను. కాయితం నా చేతికిచ్చారు.

తెర చాటున రెండు పెట్టెలూ ఉన్నాయి. ఎర్రదీ, పసుపుదీ. చెయ్యవలసిన పనికి అంతసేపు అక్కర్లేదు గానీ, కాస్త ఎక్కువసేపే నిలబడ్డాను. అవతల బెంచీ మీద ఆయన ఎంత గిలగిలలాడుతున్నారో నాకు తెలుసు. గిలగిలలాడనీ అనుకున్నాను. తరవాత పసుపు పెట్టెలోనే వేసి బయటికొచ్చాను.

బయట బారులో ఆడవాళ్ళు నవ్వలేక కడుపులు పట్టుకుంటున్నారు. కిందటిసారి చీటీలో మొగుడి పేరుకి బదులు మరిది పేరు చదివించుకున్న మా ఎదురింటి ఇల్లాలే చేతులు ఊపుతూ గట్టిగా అంది.

"ఆల్లకి మన పేరే తెల్దు. ఇంక ఆల్ల పేరు మనం దాసడమేటే? పదండి, సెప్పీసి ఒద్దాం!"

ఇక చూడాలి ఆ సంబరం. ఒకర్ని చూసి ఒకరు, సిగ్గు లేదు బిడియం లేదు, పోటీలు పడి మొగుళ్ళ పేర్లు చెప్పేశారు. కొందరు అడక్కుండానే మావగార్లవీ బావగార్లవీ కూడా చెప్పేశారట. సగం పేర్లు మా వారి పేరే కావడంతో సాయంత్రం దాకా ఆ బళ్ళోంచి ఆ పేరే వినబడుతూ ఉంది. ఆడవాళ్ళ ఓట్లతోనే మా వారు నెగ్గారు. రోలుగుంట గండం నా నెత్తి మీంచి తొలగిపోయింది. ఊళ్ళో దండలేసి, డప్పులు కొట్టి, ఎడ్లబండి మీద ఊరేగించారు. ఇంటికొచ్చిన పెద్దమనుషులు ఆయన నవ్వకపోవడం చూసి, పదవి మీద పడగానే బరువొచ్చేసిందనుకున్నారు.

ఆయన ఆ తరవాత బాగానే ఉన్నారు. దగ్గు తగ్గింది. ఛాతీ నొప్పీ తగ్గింది. మా అత్తగారు అది తను మొక్కుకున్నందుకే అన్నారు. అయితే ఆయన నన్ను ఏ పనికీ పిలవడం మానేశారు. మంచినీళ్ళు కావలిస్తే చెంబు చప్పుడు చేసేవారు. నేను ఎదురుగా వస్తే కండువా దులుపుకుంటూ పక్కకి తప్పుకునేవారు. నాకూ పౌరుషమే, నేనూ కదిపి అడగలేదు.

మొదటి మీటింగు అయిన రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి ఇంటికొచ్చారు. మెడలో బంతిపూల దండ ఇంకా అలాగే ఉంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని గుమ్మడికాయ పులుసు కలియబెడుతున్నాను. ఆయన వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగారు. గొంతు సవరించుకున్నారు. ఒసే అనలేదు, ఏటే అనలేదు. నా పేరు పెట్టి పిలిచారు.

నేను వెనక్కి తిరగలేదు. పెరట్లోకి ఎవరో ఆడమనిషి వచ్చింది కాబోలు, ఆవిణ్ణి పిలుస్తున్నారు అనుకుని పులుసు కలుపుతూనే ఉన్నాను.